రేకు విప్పిందా, రెక్క విప్పిందా?

చిత్తుకాగితం: ‘రేకు విప్పిన పూవులా’ అనో ‘రెక్క విప్పిన పూవులా’ అనో ఎప్పుడో చదివిన ముక్క రెండు రోజులుగా వేధిస్తోంది. గుర్తుకు రావడానికి కారణం ఒక మ్యూజియం సేకరణలోని, ఫ్రెంచి ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ 1947 నాటి గీత బొమ్మ. పిడికెడు నడుము, కింద విచ్చుకున్న స్కర్టు. ఆ లైనుకి, అంటే దుస్తుల ఆకృతికి, ఆయన పెట్టుకున్న పేరు ‘కొరోల్’, పూవులో ఒక భాగానికి ఫ్రెంచి మాట. తెలుగులో ఏమందాం?

బడిపంతులు: ఆకర్షణ పత్రావళి. ఏడో తరగతి పాఠమే కదండీ.

సూదిదారం: ఆ పేరు చెబితే ఒక్క గౌనూ అమ్ముడుపోదు మాస్టారూ! మా టైలరైతే చూడగానే ‘అంబ్రెల్లా కటింగ్’ అంటాడు. కాకపోతే ఆ లైనులో పేరుమోసిన ‘బార్ సూట్’ అనే జతలో స్కర్టు నల్ల ఉన్ని గుడ్డ, నిండా మడతలు. యుద్ధకాలంలో గుడ్డ కూడా రేషనే. అది చూసిన కళ్ళకి అన్ని గజాల గుడ్డ ఒక్క స్కర్టుకా అని ఒళ్ళు మండదూ?

గోదారిగట్టు: రెక్కే. మా వైపు గులాబీ రెక్కలు, బంతి రెక్కలు. రేకంటే షెడ్డు మీద వేసేది.

అరసున్న: మరి మొగలిరేకో? మొగలిరెక్క అని ఎవరైనా అన్నారా? ఆత్రేయపురం పక్కనే ఉండి పూతరేకులు మరిచిపోతే ఎలాగండీ! రేకంటే పల్చటిది. కాగితమూ రేకే, పూవుదీ రేకే. ‘రేక’ అంటే గీత కూడా. అంటే బొమ్మలో కుంచె లాగిన గీత రేక, అది చూపించే స్కర్టు రేకు. ‘రెక్క’ అంటే ఈ చమత్కారం పోతుంది.

గోదారిగట్టు: పూతరేకు తింటాం, పూరెక్క తురుముకుంటాం. రెండూ కలపకండి.

రాగిరేకు: అరసున్న గారి మాటకి నా వంతు. అన్నమయ్య ముద్రిత సంపుటాల్లో కీర్తనలకి రేకు సంఖ్యే ఉంటుంది, రాగి రేకుల మీద చెక్కించారు కాబట్టి. అయినా ఆయన నోట పూవంటే ‘అలరు’. ‘అలరులు కురియగ’ అన్నచోట రేకూ లేదు, రెక్కా లేదు. అలరు పూవూ, అలరడమూ. కొరోల్‌కి ‘అలరు లైను’ అంటే సరి!

బడిపంతులు: కీర్తన బాగుంది. కానీ కొరోల్ మొత్తం పూవు కాదు, రేకుల వలయం మాత్రమే.

రాగిరేకు: ఇప్పుడు మీరే రేకు అన్నారు.

బడిపంతులు: అలవాటుగా వచ్చింది.

సూదిదారం: ఫ్రాన్స్‌లోని గ్రాన్‌విల్‌లో డియోర్ పెరిగిన ఇల్లే ఇప్పుడు మ్యూజియం. వాళ్ళమ్మకి తోటంటే ప్రాణం. పూల పేరు ఊరికే రాలేదు. సరే, 1947 ఫిబ్రవరి 12న చూపిన ఆ సేకరణలో రెండో లైను పేరు ‘ఆన్ విట్’, అంటే ఎనిమిది ఆకారం. దాన్నెవరూ పట్టించుకోరేం?

అరసున్న: మన తెలుగు ఎనిమిది ౮కి ఆ పిడికెడు నడుము ఏదీ? పైగా ప్రబంధ కవుల కౌను, అంటే నడుము, అసలు ఉందో లేదో తెలియదు. ‘లేఁగౌను’లో అరసున్న తీసేసి రాసేవాళ్ళతో నాకు...

గోదారిగట్టు: మొదలెట్టారు!

చిత్తుకాగితం: అయ్యా, నా ముక్క ఎక్కడిదో ఎవరికైనా తెలుసా?

అరసున్న: ముందు ఆ అరసున్న సంగతి తేలనివ్వండి.