లెమన్ థైమ్ మన నల్లగొండ మిద్దె మీద పెంచుడు దండగేనా?

మిద్దెతోట, నల్లగొండ:
డిసెంబర్ల నర్సరీ నుంచి లెమన్ థైమ్ అని, వంటల ఏసే వాసనాకు మొక్క తెచ్చిన. అమ్మినాయన "నిమ్మవాము అక్కా, రోజూ నీళ్లు పొయ్యి" అన్నడు. కందిగింజంత ఆకు, అంచుకు పసుపు గీత. రెండు వేళ్ల నడుమ నలిపితే ముందు నిమ్మతొక్క వాసన, ఎనుక వాము ఘాటు. మార్చి దాటంగనే కింది కొమ్మలు నల్లబడ్డయి, మే కల్లా పాణం పోయింది. ఇట్లయ్యుడు ఇది రెండోసారి. "నిమ్మగడ్డి గుబురుగ ఉండంగ దీని ఎంబడి ఎందుకు పడ్డవ్" అంటది మా అత్తమ్మ. మీరేమంటరు?

పాలమూరు రైతుబిడ్డ:
అత్తమ్మ మాటే కరెక్టు అక్కా. అది మధ్యధరా సముద్రం దిక్కు మొక్క. మన ఎండలకు దాన్ని కాపాడుకుంట కూసునుడెందుకు? నిమ్మగడ్డి గట్టు మీద పెడితే ఏండ్లకేండ్లు ఉంటది. దాని నూనెల ముప్పాతిక వంతు సిట్రాలే, నిమ్మవాసనంతా అదే. వాము రుచి గావాల్నంటే కర్పూరవల్లి ఆకుతోని బజ్జీ ఏసుకో.

బోటనీ చెప్తా, వనపర్తి:
ముందు "నిమ్మవాము" అనే పేరు వదిలేద్దాం, గందరగోళమంతా అక్కడే మొదలైంది. వాము గింజలిచ్చే మొక్క కొత్తిమీర, జీలకర్రల కుటుంబం. థైమ్‌ది తులసి, పుదీనా కుటుంబం. లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూడండి, నాలుగు పలకలు తగులుతాయి. రెంటికీ కలిసింది ఆ ఘాటు వాసననిచ్చే థైమాల్ అనే పదార్థం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో థైమాల్ తీయడానికి మన దేశం నుంచే వాము గింజలు వెళ్లేవి.

లెమన్ థైమ్‌లో థైమాల్ తక్కువ. సిట్రాల్‌తో పాటు గులాబీలో ఉండే జెరానియాల్ బాగా ఉంటుంది. అందుకే నిమ్మగడ్డి, వాము కలిపి మరిగించినా ఆ వాసన రాదు తమ్ముడూ. మామూలు థైమ్‌కూ మరో థైమ్‌కూ పుట్టిన సంకరమని చాలాకాలం చెప్పుకున్నారు. 1811లో వర్ణించినట్టు ఇది వేరే జాతేనని డీఎన్ఏ పరిశీలనలు అంటున్నాయి. ఆ వాదన ఇంకా తెగలేదు.

ఇక చావు సంగతి. రాళ్ల వాలుల్లో, పొడి నేలలో బతికే మొక్క అది. అమ్మా, మీ కుండీలో ఉన్నది కొబ్బరి పొట్టేనా?

మిర్యాలగూడ అక్క:
నా దగ్గర రెండేండ్ల నుంచి బతికే ఉంది. చెల్క మట్టి సగం, దొడ్డు ఇసుక సగం, కొంచెం పశువుల ఎరువు. వేలు గుచ్చి చూసి, లోపల పొడిగుంటేనే పొద్దుగాల నీళ్లు. మార్చి నుంచి పొద్దటి ఎండ మాత్రమే తగిలే తూర్పు గోడకు జరుపుత, వానకాలం రేకుల కిందికి. గింజలతోని అదే వాసన మొక్క వస్తదన్న నమ్మకం లేదు, కొమ్మను వంచి మట్టిల ఆనించి మీద గులకరాయి పెడితే వేరు పడ్తది.
పోపుల మాత్రం ఎయ్యకు, నిమ్మవాసన ఎగిరిపోతది. చేపల పులుసు దించేముందు ఒక రెమ్మ దూసి ఎయ్యి.

పాలమూరు రైతుబిడ్డ:
కుండీల ఒకటి పెంచుకుంటే నేనెందుకు వద్దంట? ఎకరాలల్ల పెట్టుమని రైతులకు చెప్పేటోళ్లను చూస్తెనే నాకు కోపం. జడ్చర్ల మార్కెట్ల దించితే కొనేదెవలు? ఆ మాట మీద మాత్రం వెనకకు తగ్గ.

మిద్దెతోట, నల్లగొండ:
సార్, మీరడిగినంక ఎండిన కుండీ బోర్లించిన. మీదంతా పొడిపొడి, నడుమ కొబ్బరి పొట్టు ముద్ద నర్సరీల ఉన్నట్టే చదరంగ ఉంది, పిండితే నీళ్లొచ్చినయ్. వేర్లు నల్లగై, పట్టుకుంటే తడిసిన దారం లెక్క తెగినయ్. ఎండను ఉత్తగనే తిట్టుకున్న.
మిర్యాలగూడ అక్కా, దసరా దాటినంక వేరు పడ్డ కొమ్మ ఒకటి ఇస్తవా? మా అత్తమ్మ నిమ్మగడ్డి పిలకలు నీకు తెస్త.