సమస్య: జస్టు చేరినాము జస్టు మిస్సు

ఈసారి ఆటవెలది పద్యం నాలుగో పాదం సమస్యగా ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలే (గురువు–లఘువు లేదా మూడు లఘువులు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) కూడా జ–జ కుదిరిపోయింది కాబట్టి మీ పనల్లా భావం. చేరినవాళ్ళకి మిస్సేమిటన్నదే చిక్కు. ఇంగ్లీషు జస్ట్‌కి ఇప్పుడే, కేవలం, సరిగ్గా, తృటిలో అని చాలా అర్థాలున్నాయి, రెండు చోట్లా ఒకటే పెట్టకండి. న్యాయమైన అనే అర్థం విశేషణానిది, దాని జోలికి పోవద్దు.

పూరణ 1

రైలు కొరకు పరుగు, రాజమండ్రికిఁ బోవ
మెట్లు దిగితి మింక మేము వేగ;
తోక పెట్టె లైటు తొంగిచూచుచుఁ బోయె
జస్టు చేరినాము జస్టు మిస్సు

– మాష్టారూ, తోక పెట్టె లైటు కళ్ళక్కట్టింది! మొదటిది ఇప్పుడే, రెండోది తృటిలో, భేషుగ్గా విడిపోయాయి. పరుగు అన్నాక మళ్ళీ వేగ ఎందుకండీ? "మేను వణక" అంటే గణం, యతి రెండూ నిలుస్తాయి.

పూరణ 2

మలుపు కాడ లారి మా బండిఁ దాకక
వెంట్రుకంత యెడను వెళ్ళిపోయె;
అమ్మ మొక్కు ఫలమొ యాయువో యింటికి
జస్టు చేరినాము జస్టు మిస్సు

– నాకు అన్నిట్లోకీ ఇదే నచ్చింది. ఇంగ్లీషులో ఎవరు ఎవర్ని మిస్సయ్యారో కర్త చెప్పి తీరాలి, మనం మాత్రం బస్సు తప్పినా ప్రాణం దక్కినా జస్ట్ మిస్ అనేస్తాం, ఆ వాడుకనే పట్టుకుని చేరింది మేము, తప్పింది లారీ అని కర్తని మార్చేశారు, సమస్య అక్కడే విడిపోయింది.
– ఇప్పుడే చేరామన్న జస్ట్‌తో బ్రిటిష్ వాళ్ళు ఎక్కువగా హావ్ వాడతారు, అమెరికన్లు మామూలు భూతకాలంతోనూ సరిపెడతారు. మన "చేరినాము" రెంటికీ చాలు.

పూరణ 3

ఒక్క మార్కు తోడ నుద్యోగ మది పోయె
నేఁడు చెలికి నాకు నీళ్ళు కండ్ల;
మెరిటు లిస్టు చివరి మెట్టు దాకను మేము
జస్టు చేరినాము జస్టు మిస్సు

– అక్కా, మనసు కలుక్కుమంది. "అది" మాత్రం వ్యర్థపదం, "నుద్యోగ మెగిరెను" అని చూడండి. మొదటి జస్టుకి కేవలం అనే అర్థం తీసుకున్నారు కదా, ఇంగ్లీషులో అయితే అది తాను పరిమితం చేసే మాటకి ముందు కూర్చుంటుంది, మీరు మెట్టు తర్వాత, మన మాత్రమేలాగా పెట్టారు, అయినా వినడానికి ఇదే సహజంగా ఉంది.

సరిగ్గా అనే అర్థంతో ఇంకా ఒక్క పూరణా రాలేదు. ఆదివారం రాత్రి దాకా గడువుంది.