కర్ణాటక సంగీత గ్రంథం ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ కొత్తగా అచ్చువేస్తే గమకాల (స్వరాన్ని ఊపడం, జార్చడం వంటి పలికింపుల) గుర్తులు ఉంచాలా, విప్పి స్వరాలుగా రాయాలా? ముగ్గురి చర్చ:

మేళకర్త: సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో (ఇప్పటి తమిళనాడు) తెలుగు లిపిలోనే అచ్చువేయించిన గ్రంథం ఇది. అయినా అక్షరాలు వచ్చిన తెలుగువాళ్లకే గుర్తులు అందడం లేదు. స్ఫురితం, నొక్కు, రవ వంటి గమకాలన్నీ స్వరాలుగా విప్పి వేయాలి. పిల్లలు పాడుకోలేని పుస్తకం బీరువాలోనే ఉండిపోతుంది.

తంత్రి: స్ఫురితం విప్పండి, అభ్యంతరం లేదు. జంటలో రెండో స్వరాన్ని కింది స్వరం నుంచి కొట్టడమే కదా. చిక్కంతా మిగతావాటితోనే. వీణ మీద రిషభం నుంచి గాంధారానికి మెట్ల వెంట వేలు జారిస్తే జారు. దానికి ఏటవాలు గీత. రిషభం మెట్టు మీదే తీగ లాగి గాంధారం పలికిస్తే ఒదుక్కల్. దానికి ఇంటూ గుర్తు. విప్పితే రెండూ ‘రిగ’ అయిపోతాయి. బాణీ ఉన్నదే ఆ తేడాలో!

అచ్చుపని: పాత ప్రతిని ఫొటో తీసి వేసినా చాలదు. తారస్థాయి (పై స్థాయి) చుక్క, వేగం చూపే కాలం గీత, గమకం గుర్తు అన్నీ స్వరాక్షరం చుట్టూనే కిక్కిరిసి ఉంటాయి. నలుపు-తెలుపులో స్కాన్ చేస్తే సన్నగీతలు మాయం, సిరా మరకలు చుక్కలవుతాయి. గ్రేస్కేల్‌లో 600 డీపీఐకి తగ్గకూడదు. తర్వాత ఆవర్తం ఆవర్తం, అంటే తాళం ఒక్కో చుట్టూ లెక్కపెట్టాలి. ఆదితాళంలో ఎనిమిది క్రియలకు (చేత్తో వేసే లెక్కలకు), క్రియకు నాలుగు చొప్పున 32 అక్షరాలు (కాలం కొలతలు) రావాలి. 33 వచ్చిందంటే ముందు కాలం గీత కోసం వెతకండి. అది ఊడితే ఒక అక్షరంలో ఇమడాల్సిన రెండు హ్రస్వాలు (పొట్టి స్వరాలు) రెండక్షరాలు తింటాయి.

మేళకర్త: అలాంటిచోట సరిదిద్ది వేస్తే సరిపోతుంది కదండీ.

తంత్రి: చెప్పకుండా దిద్దకూడదు. మూలంలో ఏముందో, ఏం మార్చారో అదే పేజీ అడుగున ఉండాలి. ఇలా వదిలేస్తే రేపు ఇంకొకరు 22వ మేళంలో (రాగాల మూల వర్గంలో) శ్రీరాగం తీసి, ఇప్పుడు వాడుకలో ఉన్న ఖరహరప్రియ పేరు పెడతారు. ఆ గ్రంథం నడిచేది పాత సంగీత శాస్త్రకారుడు వెంకటమఖి సంప్రదాయంలో, అక్కడ ఆ మేళానికి రాగాంగం (ప్రధాన రాగం) శ్రీరాగమే.

మేళకర్త: సరే, అడుగున వేయండి. కానీ విప్పిన పాఠం కూడా కావాలి.

అచ్చుపని: ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో విప్పిన స్వరం. ఒదుక్కల్, జారు గుర్తులు కుడివైపు కూడా ఉంచేయాలి. అసలే వెయ్యి పేజీలు దాటిన గ్రంథం కాబట్టి వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల కృతులకు మాత్రమే ఎదురు పేజీ ఇద్దాం.

తంత్రి: మరి గ్రంథంలోని గీతాలు, తానాలు అనే రచనలు? రాగలక్షణానికి ఆధారం అవే కదా. వాటిని వదిలేస్తానంటే నేను ఒప్పుకోను.