మూడు పాయింట్లకి ఐదేళ్ళ ఇన్సూరెన్స్ శిక్షా? (యూకేలో కారు నడిపే మనవాళ్ళకి)

స్లో_రాజా:
తిట్టేముందు మొత్తం చదవండి. పోయిన మేలో ఒక శనివారం పొద్దున్న ఆరున్నరకి అత్తయ్యగారిని ఎయిర్‌పోర్ట్‌లో దించడానికి వెళ్తూ గంటకి 30 మైళ్ళ జోన్‌లో 43 మీద కెమెరాకి దొరికిపోయాను. రోడ్డు మీద పిట్ట కూడా లేదు. పది రోజులకి పోలీసుల ఉత్తరం వచ్చింది, బండి నడిపింది ఎవరో 28 రోజుల్లో చెప్పమని. చెప్పాను. స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు ఇస్తారేమో, మూడు గంటలు కూర్చుని బయటపడదాం అనుకున్నా. 30 జోన్‌లో 42 వరకే కోర్సట. ఒక్క మైలు! సరే, 100 పౌండ్లు కట్టా, లైసెన్స్ మీద 3 పెనాల్టీ పాయింట్లు పడ్డాయి. తప్పు నాదే, కాదనను.

నా గొడవ అక్కడ కాదు. రెన్యూవల్‌కి 612 ఉన్న ప్రీమియం 748 అయింది. ఆరేళ్ళ నో క్లెయిమ్స్ బోనస్ అలాగే ఉంది, ఇంతవరకూ ఎవరి కారుకీ గీత కూడా పెట్టలేదు. డీవీఎల్ఏ (లైసెన్స్‌లు చూసే ప్రభుత్వ ఆఫీసు) వాళ్ళేమో పాయింట్లు నాలుగేళ్ళకి తీసేస్తారు, ఇన్సూరెన్స్ వాళ్ళు మాత్రం ఐదేళ్ళ వెనక్కి అడుగుతారు. ఏడాదికి 136 చొప్పున వేసుకుంటే ఐదేళ్ళకి 680. ప్రభుత్వం వేసిన శిక్ష 100 అయితే, ఏ కోర్టూ లేకుండా ప్రైవేటు కంపెనీ వేసింది 680. ఒక తప్పుకి రెండు చలాన్లు కట్టించడం న్యాయమేనా? అది చెప్పండి.

క్లెయిమ్స్‌లో_పదేళ్ళు:
రాజా గారూ, ఇక్కడే ఒక మోటార్ ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిమ్స్ చూసేవాణ్ణి, ఇప్పుడు మానేశాను కాబట్టి కాస్త ఫ్రీగా మాట్లాడతాను. అది శిక్ష కాదండీ, రేటు. 22 ఏళ్ళ కుర్రాడు ఏ తప్పూ చేయకుండానే మీకంటే చాలా ఎక్కువ కడతాడు, అతనికి ఏ కోర్టు శిక్ష వేసింది? పోస్ట్‌కోడ్ మారితే రేటు మారుతుంది, రాత్రి కారు వీధిలో పెడతారా డ్రైవ్‌వే మీద పెడతారా అన్నదాన్ని బట్టి మారుతుంది. పాయింట్లు కూడా అలాంటి ఒక లెక్క. ఇంకా చెప్పాలంటే వాటిలో మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే!

రెండోది, ఆ 136 అంతా పాయింట్ల వల్లే అని మీకు ఎవరు చెప్పారు? అదే ఏడాది అందరి ప్రీమియమూ కదిలి ఉండొచ్చు, మీ పోస్ట్‌కోడ్‌లో దొంగతనాలు పెరిగి ఉండొచ్చు. పైగా కట్టేదాంట్లో 12 శాతం ఇన్సూరెన్స్ ప్రీమియం ట్యాక్స్ ఎలాగూ ఉంది, ప్రీమియం పెరిగితే అదీ పెరుగుతుంది. ఐదేళ్ళూ ఒకేలా ఉంటుందన్న లెక్క కూడా తప్పే. మూడేళ్ళ కిందటి ఎస్పీ30 కి, మూడు నెలల కిందటి ఎస్పీ30 కి చాలా కంపెనీలు ఒకే బరువు వేయవు. (ఎస్పీ30 అంటే మామూలు రోడ్డు మీద స్పీడ్‌కి మీ లైసెన్స్ రికార్డులో పడే కోడ్. మోటార్‌వే అయితే ఎస్పీ50.)

స్లో_రాజా:
మరి పాయింట్ల వాటా ఎంతో తేల్చడం ఎంతసేపు? కంపారిజన్ సైట్‌లో పాయింట్లు లేవని పెట్టి ఒక కోట్ (కంపెనీ చెప్పే ప్రీమియం), ఉన్నాయని పెట్టి ఇంకో కోట్ తీస్తే సరి.

క్లెయిమ్స్‌లో_పదేళ్ళు:
ఆ పని మాత్రం చేయకండి బాబూ. ఒకే పేరు, ఒకే బండి నంబరుతో జవాబులు మార్చి మార్చి కోట్లు తీస్తే అవతల సిస్టమ్‌లో అది కనిపిస్తుంది. అబద్ధం చెప్పి రేటు తగ్గించుకోవడానికి చూస్తున్నాడని గుర్తు పెట్టుకుంటారు. కుతూహలం కోసం చేశానంటే వినేవాడు ఉండడు.

బడి_గేటు_అమ్మ:
నాకు ఈ లెక్కలన్నీ తెలియవు గానీ ఒకటి అడుగుతా. పిట్ట కూడా లేని రోడ్డని ముందే తెలుసా మీకు, దాటాక తెలిసిందా? మా పాప స్కూలు ముందు రోడ్డు కూడా 30 నే. హైవే కోడ్‌లో (ఇక్కడి రోడ్డు రూల్స్ పుస్తకం) రాసుంది చూడండి, 30 లో వెళ్తే బండి ఆగడానికి 23 మీటర్లు, 40 లో అయితే 36. ఆ తేడా 13 మీటర్లు, అంటే దాదాపు మూడు కార్ల పొడవు. మీరు 43. నేను రోజూ మూడూ పదికి ఆ గేటు దగ్గరే నిలబడతాను. ఒక చేత్తో పాప లంచ్ బ్యాగు, ఇంకో చేత్తో పాప చెయ్యి. వచ్చే కారు తగ్గుతుందా లేదా అని బానెట్ కేసే చూస్తుంటా, ముక్కు కొంచెం కిందకి వంగితే బ్రేక్ వేశాడని అర్థం. వంగని కార్లు ఎన్నో. వాళ్ళందరూ ఇంటికెళ్ళి నాకు ఆరేళ్ళ బోనస్ ఉందనే చెప్పుకుంటారు.

136 తక్కువే అంటాను.

రోటా_రాధిక:
అక్కా, మీరన్నది కరెక్టే, కానీ ఈ 136 అందరికీ ఒకటే 136 కాదు. నా సంగతి చెప్తా.

నేను వేల్స్‌లో కేర్ వర్కర్‌ని, ఇళ్ళకి తిరిగి పెద్దవాళ్ళని చూసుకునే పని. ఇండియాలో తొమ్మిదేళ్ళు నడిపాను. ఇక్కడికొచ్చాక మన లైసెన్స్ మీద ఏడాదే నడపొచ్చు, మార్చుకోవడానికి కుదరదు, మళ్ళీ థియరీ నుంచి మొదలుపెట్టి టెస్ట్ పాసవ్వాలి. పాసయ్యాను. అంటే కాగితం మీద నేను కొత్త డ్రైవర్‌ని. మొదటి రెండేళ్ళలో 6 పాయింట్లు వస్తే లైసెన్సే పోతుంది, మళ్ళీ ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ళ లైసెన్స్) తీసుకుని రెండు టెస్టులూ రాయాలి. పాతవాళ్ళకి మూడేళ్ళలో 12 దాకా ఉంటుంది, నాకు సగమే.

2023 సెప్టెంబర్‌లో ఇక్కడ 30 రోడ్లు చాలావరకు 20 అయిపోయాయి. మొదటిసారి కోర్సు ఇచ్చారు, చేశాను. మూడేళ్ళలో రెండో కోర్సు ఇవ్వరు కదా, రెండోసారి దొరికితే నేరుగా 3 పాయింట్లు. ఎందుకు దొరికానంటే రోటాలో (ఆఫీసు ఇచ్చే డ్యూటీ టైమ్‌టేబుల్) ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి 5 నిమిషాలు రాస్తారు, మ్యాప్‌లో 14 చూపిస్తుంది. ఆ పెద్దాయనకి పదింటికి మందులు ఇవ్వాలి, పది దాటితే వాళ్ళమ్మాయి ఆఫీసుకి ఫోన్ చేస్తుంది. ఆఫీసు వాళ్ళు నన్ను అడుగుతారు. స్పీడ్ నాది, రోటా ఎవరిది?

ఇప్పుడు ఇన్సూరెన్స్. పని మీద తిరగాలంటే బిజినెస్ యూజ్ కలపాలి, ఇండియాలో ఉన్న నో క్లెయిమ్స్ లెక్కలోకి తీసుకోలేదు, కొత్త లైసెన్స్, పైన 3 పాయింట్లు. మొత్తం ఒకేసారి కట్టలేను కాబట్టి నెలనెలా, దానికి మళ్ళీ వడ్డీ. లక్ష పౌండ్ల జీతం ఉన్నాయనకి కూడా నాకు వేసిన 100 పౌండ్ల ఫైనే. ఆయనకి ప్రీమియం పెరిగిన సంగతి కూడా తెలియకపోవచ్చు.

స్లో_రాజా:
రాధిక గారు చెప్పింది నాకు తట్టనే లేదు. నేను 136 కే గోల పెట్టాను, సిగ్గుగా ఉంది కొంచెం. కానీ పాయింట్ అదే కదా, ఫైన్ ఎంత అన్నది చట్టం చెప్తుంది, ఇది ఎంత అన్నది ఎవరూ చెప్పరు.

మోటార్‌వే_మావయ్య:
కోర్టుకి వెళ్తే జీతాన్ని బట్టే వేస్తారమ్మా. వారం జీతంలో సగం నుంచి ఒకటిన్నర వారం జీతం వరకూ, మామూలు రోడ్డు మీద గరిష్ఠం 1000 పౌండ్లు, మోటార్‌వే అయితే 2500. పైన 40 శాతం సర్‌ఛార్జ్, కోర్టు ఖర్చులు. ఫిన్లాండ్‌లోనైతే స్పీడ్ బాగా ఎక్కువైతే ఆదాయాన్ని బట్టే ఫైన్. ఇక్కడ ఇంటికొచ్చే ఫిక్స్‌డ్ పెనాల్టీలో మాత్రం ధనిక, పేద తేడా లేదు.

నా మాట వేరు. ఇదంతా డబ్బులు దండుకోవడానికి పెట్టిన కెమెరాలు. ఇరవై ఏళ్ళుగా ఎం6 మోటార్‌వే మీద తిరుగుతున్నా, పని ఒక్కటీ జరగదు, కోన్‌లు పెట్టి 50 అంటారు, యావరేజ్ స్పీడ్ కెమెరాలు బిగిస్తారు.

క్లెయిమ్స్‌లో_పదేళ్ళు:
మావయ్యా, ఆ ఫైన్ డబ్బు పోలీసులకీ కౌన్సిల్‌కీ పోదు, నేరుగా ఖజానాకి పోతుంది. కోర్సు ఫీజులో కొంత మాత్రం ఖర్చుల కింద పోలీసులకి వెళ్తుంది. ఇంకో తమాషా, పాతకాలం గ్యాట్సో స్పీడ్ కెమెరా ఉంది చూశారా, దాన్ని కనిపెట్టింది ఒక డచ్ రేసు డ్రైవర్, గ్యాట్సోనిడీస్. 1953 లో మాంటే కార్లో ర్యాలీ గెలిచినాయన. మలుపుల్లో ఇంకా స్పీడ్‌గా ఎలా వెళ్ళాలో చూసుకోవడానికి తన బండి స్పీడ్ కొలుచుకునేవాడట!

మోటార్‌వే_మావయ్య:
సరిపోయింది.

చట్టం_చదివినోడు:
అందరూ ఒకటి వదిలేస్తున్నారు. "అది రేటు, శిక్ష కాదు" అని క్లెయిమ్స్ అన్న ఒక్క మాటతో తేల్చేశారు. రిస్క్‌ని బట్టి రేటు వేయడానికి కూడా హద్దు పెట్టొచ్చు, పెట్టారు కూడా. ఒకప్పుడు ఇక్కడ ఆడవాళ్ళకి కారు ఇన్సూరెన్స్ చవక, ఎందుకంటే లెక్కలు అలాగే చెప్పేవి. 2011 లో యూరోపియన్ కోర్టు కుదరదంది, 2012 డిసెంబర్ 21 నుంచి ఆడా మగా అని చూసి రేటు వేయకూడదు. అలాగే 2022 జనవరి నుంచి పాత కస్టమర్‌కి రెన్యూవల్‌లో కొత్తవాడికంటే ఎక్కువ వేయకూడదని ఎఫ్‌సీఏ (ఆర్థిక కంపెనీల మీద నిఘా పెట్టే సంస్థ) రూల్ పెట్టింది. అంటే సమాజం అనుకుంటే ఆపగలదు. ఐదేళ్ళ సంగతి కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టం ప్రకారం లైసెన్స్ మీద పడ్డ ఎండార్స్‌మెంట్ (పాయింట్ల నమోదు) ఐదేళ్ళకి చెల్లిపోయినట్టు. ఆ తర్వాత చెప్పాల్సిన పని లేదు. డీవీఎల్ఏ నాలుగు, టాటింగ్-అప్‌కి (పాయింట్లు కూడి 12 అయ్యాయా అని చూసే లెక్క) మూడు, ఇన్సూరెన్స్‌కి ఐదు. ఒకే తప్పుకి మూడు గడియారాలు! నా వాదన ఏంటంటే, ఒక్క మొదటి ఎస్పీ30, అది కూడా 3 పాయింట్లది అయితే, మూడేళ్ళ తర్వాత అడగకూడదని రూల్ పెట్టాలి. రెండోది పడితే ఐదు అడుక్కోండి.

క్లెయిమ్స్‌లో_పదేళ్ళు:
మంచి వాదనే, ఒప్పుకుంటా. కానీ ఆడామగా అన్నది పుట్టుకతో వచ్చేది, స్పీడ్ మన పాదం కింద ఉంది. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. పైగా మీ రూల్ పెడితే ఆ డబ్బు ఎక్కడికీ మాయమవదు, ఒక్క పాయింటూ లేనివాళ్ళ ప్రీమియంలో కలుస్తుంది. బడి గేటు దగ్గర బ్రేక్ వేసేవాడు వేయనివాడికోసం కట్టాలి. అదెలా న్యాయం?

చట్టం_చదివినోడు:
కొంత కలుస్తుంది, కాదనను. అందరం తలా కాస్త పంచుకోవడం కోసమే కదా ఇన్సూరెన్స్ పుట్టింది. చివరికి ఎవడి రిస్క్ వాడే మోయాలంటే అది పొదుపు ఖాతా అవుతుంది.

ఎల్‌_ప్లేట్:
నేను బ్లాక్ బాక్స్ పాలసీ (ఎలా నడుపుతున్నామో కారులో పెట్టిన పరికరం కంపెనీకి చెప్పేది) మీద నడుపుతున్నా. నిజంగా ఎలా నడుపుతున్నానో రోజూ చూస్తున్నప్పుడు ఎప్పటిదో ఒక పాయింటు ఎందుకు? అందరికీ పెట్టేయండి. కాకపోతే మొన్న గొయ్యి తప్పించినందుకు నా స్కోరు తగ్గింది, అది వేరే ఏడుపు. ఇంతకీ నా డౌట్: చెప్పకపోతే తెలుస్తుందా? మా ఫ్రెండ్ చెప్పలేదు, ఏమీ కాలేదు.

క్లెయిమ్స్‌లో_పదేళ్ళు:
ఏమీ కాలేదు అంటే ఇంకా యాక్సిడెంట్ కాలేదు అని అర్థం తమ్ముడూ. లైసెన్స్ నంబరు కొడితే కంపెనీకి డీవీఎల్ఏ రికార్డు కనిపించే ఏర్పాటు ఉంది, కోట్ దగ్గర చూడకపోయినా క్లెయిమ్ దగ్గర తప్పకుండా చూస్తారు. 2012 ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం అజాగ్రత్తగా తప్పు చెప్పావనుకో, కట్టాల్సింది 1000, కట్టింది 800 అయితే క్లెయిమ్‌లో 80 శాతమే ఇవ్వొచ్చు. కావాలని దాచావని తేలితే పాలసీయే లేనట్టు, నీ కారుకి పైసా రాదు, అవతలివాళ్ళకి కంపెనీ కట్టాల్సి వస్తే నీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ తర్వాత ప్రతి కోట్‌లోనూ "మీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా" అన్న ప్రశ్నకి అవును అని రాయాలి. 3 పాయింట్లు దాని ముందు చిన్నపిల్లలాట. కోర్సు సంగతి వేరు, అది కన్విక్షన్ (నేరం రుజువైనట్టు) కాదు, కానీ కొన్ని కంపెనీలు అడుగుతాయి. అడిగితే నిజం చెప్పు, అడక్కపోతే నువ్వు మొదలుపెట్టాల్సిన పని లేదు. పాలసీ మధ్యలో పాయింట్లు పడితే అప్పుడే చెప్పాలా రెన్యూవల్ దాకా ఆగొచ్చా అన్నది నీ పాలసీ కాగితంలో ఉంటుంది, చదువు.

మోటార్‌వే_మావయ్య:
పాలసీ కాగితం చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

బడి_గేటు_అమ్మ:
రాధికా, నీ పోస్ట్ పొద్దున్నుంచి బుర్రలో తిరుగుతోంది. నీ రోటా గురించి నేను ఆలోచించలేదు. కానీ నా మాట మార్చుకోను, ఆ 5 నిమిషాలు రాసినవాడి ఇన్సూరెన్స్ పెరగాలి, నీది కాదు.

రోటా_రాధిక:
దానికి కోడ్ ఏమైనా ఉందా అక్కా 🙂 మేనేజర్‌కి మ్యాప్ స్క్రీన్‌షాట్లు పెట్టి మెయిల్ పంపాను, ఈ వారం రెండు ఇళ్ళ మధ్య 5 ని 10 చేశారు. 14 కాలేదు ఇంకా. రెండేళ్ళు నిండటానికి నాకు ఇంకా ఏడు నెలలు ఉంది, క్యాలెండర్‌లో కొట్టేసుకుంటున్నా. ఆలస్యమైతే ఫోన్ చేసి ఆలస్యం అని చెప్తున్నా, తిడితే తిట్టనీ.

స్లో_రాజా:
అందరికీ థ్యాంక్స్. రేటు అనే మాట ఒప్పుకుంటాను, చట్టం అన్న చెప్పిన మూడు గడియారాల సంగతి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడట్లేదు. 748 కి సంతకం పెట్టకుండా ఇంకో నాలుగు చోట్ల పాయింట్లు నిజంగానే పెట్టి అడిగాను, ఒకచోట 671 కి వచ్చింది, మార్చేశాను. పోలీసుల ఉత్తరం ఇంకా మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. తీసేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవట్లేదు, వాళ్ళమ్మ వచ్చే నెల మళ్ళీ వస్తున్నారట.