కారు పైకప్పు గాజులో వెలుగు మధ్య వరకు రావడం లేదు
కారు పైకప్పుకు లామినేటెడ్ గాజు నమూనా చేస్తున్నాం. రెండు 2.1 మి.మీ. గాజులు, నడుమ వాటిని అతికించే 0.76 మి.మీ. పీవీబీ ప్లాస్టిక్ పొర, బయటి గాజు ముదురు రంగుది. ఎల్‌ఈడీ వెలుగును లోపలి గాజు అంచు నుంచి పంపుతున్నాం. అంచు దగ్గర కళ్లు చెదిరే వెలుగు. జానెడు దాటితే, వెలుగును బయటికి చిమ్మడానికి గాజుపై ముద్రించిన తెల్లచుక్కలు ఉన్నాయో లేవో అన్నట్టు!

ఇనుము తక్కువ ఉన్న గాజు వాడితే ఆకుపచ్చ ఛాయ పోయింది, మసక మాత్రం పోలేదు. కరెంటు పెంచితే అంచే మరింత మెరిసింది. మధ్యలో చుక్కలు దట్టం చేసినా తేడా స్వల్పమే.

గాజు వక్రీభవన గుణకం 1.52, పీవీబీది 1.48; తేడా చాలా తక్కువ. అందుకే వెలుగు పీవీబీలోకి జారి రంగు గాజులో ఇంకిపోతోందని నా అనుమానం.

పొరలను వేడితో, ఒత్తిడితో అతికించే ఆటోక్లేవ్‌లో 140 డిగ్రీల వేడిని, 12 బార్ పీడనాన్ని తట్టుకుని, అతుకు వదలకుండా లోపలి గాజుకూ పీవీబీకీ మధ్య నిలిచే తక్కువ గుణకం పూత గానీ ఫిల్మ్ గానీ ఏది వాడవచ్చు?