వెన్నునీరు తీసిన తర్వాత లేచి కూర్చుంటే వచ్చే తలనొప్పి ఎన్నాళ్లకు తగ్గుతుంది?

ప్రశ్న

మా చెల్లెలికి 26 ఏళ్లు. కాళ్లలో తిమ్మిర్లు తగ్గకపోవడంతో నరాల డాక్టరు గారు మొన్న నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీసి పరీక్షకు పంపించారు. ఆ రోజంతా బాగానే ఉంది. నిన్న సాయంత్రం నుంచి మాత్రం లేచి కూర్చుంటే చాలు, తల వెనక నుంచి మెడ దాకా పట్టేసినట్టు నొప్పి వస్తోంది, వికారంగా ఉంటోంది, చెవుల్లో హోరుమంటోంది. మళ్లీ పడుకుంటే కొద్ది నిమిషాల్లోనే తేలికపడుతోంది. పరీక్ష కాగానే లేచి నడవనివ్వడం వల్లే ఇలా అయిందని చూడవచ్చిన బంధువులు అనడంతో, దగ్గరుండి చూసుకున్న అమ్మ కుమిలిపోతోంది. ఇది ఎందుకు వస్తుందో, ఎన్నాళ్లు ఉంటుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (మత్తు వైద్య విభాగంలో పనిచేస్తున్నాను)

ముందుగా అమ్మగారికి ఈ మాట చెప్పండి: లేచి నడిచినందువల్ల ఈ నొప్పి రాలేదు. పరీక్ష తర్వాత గంటల తరబడి పడుకోబెట్టినా దీన్ని ఆపలేమని అధ్యయనాల్లో తేలింది. పడుకున్నంతసేపు నొప్పి తెలియదు, అంతే.

వెన్నుపామును కప్పి ఉండే గట్టి పొరకు సూది చేసిన రంధ్రం వెంటనే పూడదు. పెద్దవారిలో వెన్నునీరు సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, శరీరం రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా తయారుచేసుకుంటుంది. అందువల్ల పరీక్షకు తీసిన కాస్త నీరు గంటల్లోనే భర్తీ అవుతుంది; బాధ పెట్టేది ఆ తర్వాత కూడా రంధ్రం గుండా కారుతూ ఉండే నీరే. మనిషి లేచి కూర్చోగానే, నీటి ఆధారం తగ్గిన మెదడు కొద్దిగా కిందికి జారి చుట్టూ ఉన్న పొరలను లాగుతుందనీ, తగ్గిన నీటి చోటును నింపడానికి తలలోని సిరలు ఉబ్బుతాయనీ, ఈ రెండూ కలిసి నొప్పి పుట్టిస్తాయనీ వైద్యశాస్త్రం వివరిస్తుంది. ఎక్కువగా ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది. చాలామందికి వారంలోపే, మిగిలినవారిలో ఎక్కువమందికి రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది.

వయసులో ఉన్న ఆడవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. పొరను కోసే మొన ఉన్న సూదికి బదులు, పెన్సిల్ మొన సూది వాడితే ఈ నొప్పి వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. ఇంత స్పష్టంగా తెలిసిన తర్వాత కూడా పాత రకం సూదులే వాడటం నాకు సమ్మతం కాదు.

మరో సమాధానం

సిజేరియన్‌కు నడుములో మత్తు ఇచ్చాక నాకూ ఇదే నొప్పి వచ్చిందండి. కూర్చోలేక పక్కకు తిరిగి పడుకునే బిడ్డకు పాలిచ్చేదాన్ని. పారాసిటమాల్, కాఫీ కాసేపు పనిచేసేవి, తర్వాత మామూలే. చివరకు ఆ రంధ్రాన్ని నా రక్తంతోనే మూసే బ్లడ్ ప్యాచ్ చేశారు: నా చేతి నుంచి 20 మిల్లీలీటర్ల రక్తం తీసి, అప్పటికప్పుడే నడుములో ఆ పొరకు బయటి వైపు ఎక్కించారు. నడుమంతా బరువెక్కినట్టు అనిపించింది కానీ, ఆ పూటే లేచి కూర్చుని అన్నం తిన్నాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ చికిత్స కోసం ఎప్పటిదాకా ఆగాలి? దేనికి భయపడాలి?

సమాధానం (మత్తు వైద్య విభాగం)

ఓర్చుకోగలిగితే ఆగవచ్చు. మాత్రలు వేసుకున్నా స్నానానికి, భోజనానికి కూడా లేవలేకపోతుంటే మాత్రం, రోజులు లెక్కపెట్టకుండా డాక్టరు గారిని అడగండి. జ్వరం గానీ ఇన్‌ఫెక్షన్ గానీ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా బ్లడ్ ప్యాచ్ చేయరు.

అసలు గమనించవలసింది నొప్పి తీరు. ఇన్నాళ్లూ పడుకుంటే తగ్గిన నొప్పి ఇక పడుకున్నా తగ్గడం లేదంటే, లేదా జ్వరం, మూర్ఛ, మగత, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టుతప్పడం కనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అరుదుగానైనా మెదడు పైపొర కింద రక్తం చేరడం, తలలోని సిరల్లో రక్తం గడ్డకట్టడం జరుగుతాయి. స్కానింగ్ చేస్తేనే అవి బయటపడతాయి. ఒకే వస్తువు రెండుగా కనిపించినా వెంటనే డాక్టరు గారికి చెప్పాలి. చెవుల్లో హోరు ఈ నొప్పితో పాటు రావడం మామూలే, అయినా ఆ సంగతి రేపు డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పండి. రమ్మంటే కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లండి.