పిక్సార్‌లో ఫైనల్ మాట ఎవరిది?

రెండర్‌బాబు: ఒక డౌట్ అండి, పిక్సార్ యానిమేషన్ స్టూడియోలో సినిమా సగంలో ఉండగానే మిగతా డైరెక్టర్లు కూర్చుని తప్పులు చెప్తారంట కదా, మరి ఫైనల్‌గా ఎవరి మాట నెగ్గుద్ది?

కీఫ్రేమ్: డైరెక్టర్‌దే. అలా కూర్చునే గుంపుని బ్రెయిన్‌ట్రస్ట్ అంటారు, వాళ్లు చెప్పింది చెయ్యాలనే రూల్ లేదు, అందుకే మొహమాటం లేకుండా ఉతికేస్తారు. మా సినిమాలన్నీ మొదట్లో చెత్తగానే ఉంటాయని పిక్సార్ పెట్టినవాళ్లలో ఒకడైన ఎడ్ క్యాట్‌మలే ఒప్పుకున్నాడు.

పాతరీలు: కల్చర్ సరే గానీ డబ్బు సంగతి కూడా చూడండి బ్రో, 1986లో పిక్సార్‌ని స్టీవ్ జాబ్స్ తీసుకున్నప్పుడు వాళ్లు అమ్మింది కంప్యూటర్లు, అవేమో పెద్దగా అమ్ముడుపోలేదు, టీవీ యాడ్స్ చేసుకుంటూ ఏళ్లపాటు జాబ్స్ జేబులోంచే నడిచింది, 1995లో టాయ్ స్టోరీ రిలీజైన వారానికే ఐపీఓ (అంటే జనానికి షేర్లు అమ్మడం), 2006లో డిస్నీ 740 కోట్ల డాలర్లకి కొనేసింది.

రెండర్‌బాబు: తొమ్మిదేళ్లు జేబులోంచా! నాకు మా క్లయింట్ తొమ్మిది రోజులు కూడా ఆగడు 😅